ఇంటి ముచ్చటలు – గోడమీది గొణుగుడు



ఇల్లు నడపుటలో మనకు కన్నులెంత పనిచేయునో చెవులును అంతయే పనిచేయును. పాలు పొంగుటకు ముందు గిన్నెలో పుట్టు సన్నని సవ్వడి, ప్రక్కగదిలో పసిబిడ్డ నిద్రలో కదలు అలికిడి, ఎసరు కాగినదని తెలుపు మ్రోత, తెల్లవారుజామున నీరు రాకముందు కుళాయి విడుచు నిట్టూర్పు – ఇవన్నియు ఏ బడిలోను నేర్వకయే మనకు పట్టుబడినవి. వేఱు పనిలో మునిగియుండియు వీనిని విందుము, విన్నవెంటనే లేచిపోదుము. కాని ప్రతి యింటి గోడమీదను రేయింబవళ్లు పనిచేయు వస్తువొకటి కలదు. దాని మాట మాత్రము విని అర్థము చేసికొనుట మనము నేర్వలేదు. అది విద్యుత్తు మీటరు. ఈ నెల దానిని గుఱించి నాలుగు మాటలు వ్రాయదలచితిని.

ఈ విషయము నాకు తోచుటకు మా మేనత్తయే కారణము. ఆమె కాపురము హైదరాబాదు పాతబస్తీలో, లాల్ దర్వాజకు సమీపమున. సింహవాహినీ మహంకాళి బోనాలకు రమ్మని ఆమె నన్ను ఏటేట పిలుచును. 2025వ సంవత్సరపు ఆషాఢమున పోయితిని. ఆ యిల్లు మూడంతస్తులది. క్రింద వీధివైపున చిన్న దుకాణము, దాని వెనుక అత్త పడుకొను గది, నడుమ అంతస్తున మా బావ కుటుంబము, మీద అద్దెకున్నవారు. మెట్లు మిక్కిలి ఇఱుకు. ఇద్దరు ఎదురుపడినచో ఒకరు గోడకు అంటుకొని నిలువవలెను. ఆ మెట్ల మొదట, వీధితలుపు వెనుక, ఒకే కఱ్ఱపలకమీద మూడు మీటర్లు వరుసగా బిగించియున్నవి. వానిలో ఒకటి నల్లని యినుప పెట్టె, చక్రము తిరుగునది, ప్రాతది. తక్కిన రెండును ఎఱ్ఱని చిన్న దీపము మినుకుమనుచుండెడి క్రొత్త తరహావి. పలక క్రింద ప్రాత వార్తాపత్రికల కట్టలు, గోనెసంచులు, పందిటి గుడ్డలు. ఎవ్వరికిని అడ్డురాని మూల యని అందఱును తెచ్చి అక్కడనే పడవేసిరి.

ఆ రాత్రి అత్త గదిలోనే పడుకొంటిని. డప్పులు ఆగినవి, వీధి సద్దుమణిగినది. అప్పుడు గోడలోనుండి గుమ్మని యొక నాదము వినవచ్చినది. తుమ్మెద యొకటి డబ్బాలో చిక్కుకొన్నట్లుండెను.

"విన్నవా బిడ్డా? ఏడాది సంది గిట్లనే గొణుగుతది," అని అత్త చీకటిలో పలికెను. "గుల్జార్ హౌజ్ ముచ్చట అయిన కాడి నుంచి నాకు నిద్ర పడ్తలేదు. చెప్తే ఎవ్వరు వినరు."

మఱునాడు బావతో ఈ మాట చెప్పగా అతడు నవ్వెను. "మా అమ్మకు గోడల చప్పుడు వినబడుతది గని, అన్నానికి పిలిస్తె మాత్రం వినబడది," అని పరిహాసమాడి పనికి పోయెను. అతడు చెడ్డవాడు కాడు. పగలెల్ల బయట పనిచేసి రాత్రి రెండవ అంతస్తున గాఢముగా నిద్రించువానికి ఆ ధ్వని వినబడు అవకాశమే లేదు. ఇంటిలో ఏ శబ్దమైనను దాని ప్రక్కన బ్రతుకువారికే తెలియును.

రెండవ రాత్రి నేను శ్రద్ధగా వింటిని. అప్పుడు తెలిసినది, అక్కడ ధ్వని ఒక్కటి కాదు, రెండు. మొదటిది ఆగక, హెచ్చక, తగ్గక సాగెడి గుమ్మను నాదము. రెండవది ఉండి ఉండి వినబడు చిటచిట. పోపులో ఆవాలు పేలుట వంటిది. అత్తకు భయము కలిగించినది మొదటిది. భయపడవలసినది రెండవది. ఈ రెంటికిని గల భేదమును చెప్పుటకే ఈ వ్యాసము.

మొదట మీటరు కథ కొంత వినుడు. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను పాలనలో, 1920 ప్రాంతమున, హైదరాబాదున హుస్సేన్ సాగరు చెంత బొగ్గుతో నడచు విద్యుత్కేంద్రము వెలసినది. ఆ కేంద్రమును తరువాతి కాలమున తొలగించిరి. దీపము గోడ యెక్కినప్పుడే దానివెంట మీటరును గోడ యెక్కినది. బియ్యమును మానికతోను, నూనెను సోలతోను కొలుతుము. తీగెలో పాఱు శక్తిని కంటితో చూడజాలము గదా, దానిని కొలుచుటెట్లు? 1885లో ఇటలీ దేశమున టురిన్ నగరపు పండితుడు గలీలియో ఫెరారిస్, తీగెచుట్టల చేత తిరుగుడు పడు అయస్కాంత క్షేత్రమును కల్పించి చూపెను. 1889లో హంగేరీ యింజనీరు ఒట్టో బ్లాతీ ఆ సూత్రముపై నడచు మీటరును నిర్మించెను. మన నల్లని పెట్టె ఆ వంశములోనిదే.

దానిలోపల నున్నది చాల సరళమైన యమరిక. పలుచని అల్యూమినియపు బిళ్ళ యొకటి. దానికి పైన, క్రింద రెండు తీగెచుట్టలు. ఒక చుట్ట సన్నని తీగెతో అనేక వరుసలు చుట్టినది. ఇంట ఒక్క దీపమైనను వెలుగకున్నను దీనికి ఎల్లవేళల కరెంటు అందుచుండును. రెండవది లావు తీగెతో కొద్ది వరుసలు చుట్టినది; ఇంటిలోనికి పోవు ప్రవాహమంతయు దీనిగుండనే పోవును. ఈ రెండును కలిసి బిళ్ళను త్రిప్పును. ఒక శాశ్వతాయస్కాంతము కళ్ళెము వలె దాని వేగమును అదుపులో నుంచును. ఎక్కువ వాడినచో బిళ్ళ వడిగా తిరుగును; తక్కువ వాడినచో మెల్లగా తిరుగును. వేయి వాట్ల పనిముట్టు ఒక గంట నడచినచో అంకెలగడిలో ఒక యూనిట్టు చేరును.

మఱి ఆ గుమ్మను నాదమెక్కడిది? మన దేశమున ఇండ్లకు వచ్చు కరెంటు సెకనుకు 50 మాఱులు అటునిటు ఊగును. ప్రతి యూపునందును చుట్టలోని యినుప రేకులు రెండుసారులు ఆకర్షింపబడి రెండుసారులు విడువబడును. అనగా సెకనుకు 100 మాఱులు అదరును. రేకులు బిగువుగా నున్నంతకాలము ఆ యదురు మనకు వినబడదు. ఏండ్లు గడచి రేకులు కొంచెము సడలినను, బిళ్ళ నిలిచిన ఇరుసు అరిగినను, ధ్వని పైకి వచ్చును. ఇక పలక సంగతి వినుడు. వీణకు పనసకఱ్ఱ కుండ ఎందుకు? తీగె ఒంటరిగా మ్రోగినచో నాలుగడుగుల దూరము వినబడదు. కుండ దానిని పెద్దచేసి సభకంతకు వినిపించును. గోడకును తనకును నడుమ ఖాళీ గల కఱ్ఱపలకయు మీటరుకు వీణకుండయే యగును. అత్త గది గోడ ఆ పలకకు వెనుకవైపు.

రాత్రివేళ ఆ నాదము హెచ్చుగా తోచుటకు రెండు కారణములు కలవు. ఒకటి, వీధి చప్పుడు లేకుండుట. రెండవది, రాత్రి ఊరిలో వాడుక తగ్గినప్పుడు తీగెలలో ఓల్టేజి కొంత హెచ్చుట. దానితో రేకుల యదురును హెచ్చును. కావున అర్ధరాత్రి మీటరు పెద్దగా గొణిగినంతమాత్రమున దానికి క్రొత్త జబ్బు వచ్చినదని కంగారు పడరాదు.

"అది గొణిగినందుకును మనమే డబ్బు కట్టవలెనా?" యని కొందఱడుగుదురు. ఎల్లవేళల కరెంటుండు ఆ సన్నని చుట్ట త్రాగునది ఒకటి రెండు వాట్లకు మించదు. అదియు వాడుకరి లెక్కలో చేరకుండునట్లే తీగెలు కలుపుదురు. గొణుగుడు వేఱు, ఎక్కువ తిరుగుట వేఱు. ఎక్కువ తిరుగుచున్నదేమో యను అనుమానమున్నచో పరీక్షించు మార్గములు కలవు. వానిని ఎవ్వరైనను, మీటరును ముట్టకయే, చేయవచ్చును.

మొదటి పరీక్ష. మీటరు తరువాత నుండెడి మెయిను స్విచ్చును ఆపి బిళ్ళను చూడుడు. బిళ్ళయందు రెండు సన్నని రంధ్రములుండును. వాడుక లేనప్పుడు బిళ్ళ ఊరక తిరుగకుండుటకే వానిని చేసిరి. స్విచ్చు ఆపిన పిదప బిళ్ళ కొంచెము కదలి నిలిచిపోవలెను. నిలువక చుట్టు మీద చుట్టు తిరుగుచున్నచో మీటరునందో, మీటరుకును స్విచ్చుకును నడుమనో దోషమున్నది. ఫిర్యాదు చేయవలెను. క్రొత్త తరహా మీటరైనచో ఎఱ్ఱదీపము మినుకుట ఆగినదా లేదా యని చూడవలెను.

రెండవ పరీక్ష. మెయిను స్విచ్చు వేసియుంచి, ఇంటిలోని దీపములు, పంకాలు, ఫ్రిజ్జు, మోటారు అన్నియు ఆపుడు. అప్పుడును మీటరు నడచుచున్నచో ఇంటి తీగెలలో ఎక్కడనో కరెంటు కాఱుచున్నది, లేదా మనకు తెలియని వాడుక యొకటి జరుగుచున్నది. దీనికి మీటరు కాక మన తీగెలే కారణము. నమ్మకమైన ఎలక్ట్రీషియనును పిలిపించి చూపవలెను.

మూడవ పరీక్షను ప్రక్కయింటి ఖాలా కొఱకు చేసితిమి. మా అత్తయు ఆమెయు నలువది యేండ్లుగా గోడకు గోడ పొరుగువారు. ఆమె మీటరు పరుగెత్తుచున్నదని ఆమె నమ్మకము. ఆ మీటరు ముఖముమీద ఒక యూనిట్టుకు 3200 మినుకులని ముద్రించియున్నది. ఇంట తక్కినవన్నియు ఆపించి, దాచియుంచిన ప్రాత 60 వాట్ల బల్బు నొక్కదానిని వెలిగించితిమి. గంటకు 60 వాట్లనగా 192 మినుకులు. పది నిమిషములకు 32. ఖాలా మనుమరాలు గడియారము పట్టుకొనెను. నేను లెక్క పెట్టితిని. ముప్పదియొకటి వచ్చినవి. ఓల్టేజిని బట్టి ఒకటి రెండు తేడా వచ్చుట సహజము. మీటరు నిర్దోషి యని తేలినది. పిదప ఆమె ఫ్రిజ్జు తలుపు రబ్బరు చినిగి, తలుపు సరిగా మూతపడక, అది రాత్రింబవళ్లు ఆగక నడచుచుండుట కనుగొంటిమి. ఆమె తన మీటరుపై మోపిన నేరమునకు తానే నవ్వుకొనెను.

ఇంకొక మాట. గొణుగుచున్నది మీటరేనా యని మొదట తేల్చుకొనవలెను. ట్యూబులైటు చోకు, గంట కొఱకు పెట్టిన చిన్న ట్రాన్స్‌ఫార్మరు, ఇన్వర్టరు, స్టెబిలైజరు – ఇవియు అచ్చముగ ఇట్లే గుమ్మనును. ఒక్కొక్కదానిని ఆపుచు వినినచో దొంగ దొరకును. క్రొత్త ఎలక్ట్రానిక్ మీటరులో తిరుగు బిళ్ళ లేదు గనుక అది సాధారణముగా మౌనముగానే యుండును. కొన్నింటిలో మాత్రము సన్నని రొద యుండవచ్చును. 2006లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ చేసిన నిబంధనల ప్రకారము పెట్టవలసినవి ఈ బిళ్ళలేని మీటర్లే. మీ యింట చక్రము మీటరు ఇంకను మిగిలియున్నచో దానిని మార్పుమని అడుగవచ్చును.

ఇప్పుడు రెండవ ధ్వనికి వచ్చెదను. ఇది నిజముగా ప్రాణముతో కూడిన మాట, శ్రద్ధతో చదువుడు.

ఆ చిటచిట వచ్చుచున్నది అత్త భయపడిన నల్లపెట్టెనుండి కాదు. దాని ప్రక్కనున్న క్రొత్త మీటరు అడుగునుండి. అది బావ వాటాకు చెందినది. ఎన్నడును గొణిగి యెఱుగదు. ఎవ్వరును దానిని అనుమానింపలేదు. తెల్లవారుజామున ఐదు గంటలకు పైన తలస్నానములకు గీజరు వేసినంతనే ఆ చిటచిట హెచ్చెను. గీజరు ఆపగనే తగ్గెను. చేతులు వెనుకకు కట్టుకొని, రెండడుగుల దూరమున నిలిచి చూచితిని. మీటరు అడుగు మూత ఒక మూల పసుపువన్నెకు తిరిగియుండెను. కాలిన ప్లాస్టిక్కు వాసన సన్నగా వచ్చుచుండెను.

ఇది ఎట్లు జరుగునో చెప్పెదను. స్తంభమునుండి వచ్చు తీగె తఱచుగా అల్యూమినియముది. మీటరు అడుగున దానిని మరతో బిగింతురు. అల్యూమినియము మెత్తని లోహము. మర ఒత్తిడికి ఏండ్లమీద నలిగి సన్నగిలును. గాలి తగిలి దానిపై కరెంటును సరిగా పోనీయని పొర కట్టును. కరెంటు హెచ్చినప్పుడు వేడెక్కి వ్యాకోచించును, తగ్గినప్పుడు సంకోచించును. ఇట్లు దినదినము జరుగగా బిగువు సడలును. సడలిన చోట కరెంటు దూకి పోవును. ఆ దూకుటయే చిటచిట. ఆ చోటనే వేడి.

ఆ వేడి లెక్క ఆశ్చర్యకరమైనది. 60 వాట్ల బల్బు 230 ఓల్టులమీద తీసికొనునది పావు ఆంపియరు మాత్రమే. 2000 వాట్ల గీజరు తీసికొనునది దాదాపు తొమ్మిది ఆంపియర్లు. అనగా సుమారు ముప్పదిమూడు రెట్లు. కాని సడలిన కీలునందు పుట్టు వేడి ప్రవాహముతో సమముగా పెరుగదు. ప్రవాహము రెండింతలైన వేడి నాలుగింతలగును, మూడింతలైన తొమ్మిదింతలగును. ముప్పదిమూడింతలైనచో వేయి రెట్లకు పైగా! బల్బు వెలిగించునప్పుడు నిద్రించియున్న దోషము గీజరు వేసినప్పుడు నిప్పుగా మేల్కొనుట ఇందువలననే. కావున బరువైన పనిముట్టు వేసినప్పుడు హెచ్చి, ఆపినప్పుడు తగ్గు ధ్వనిని ఒక్క దినమైనను ఉపేక్షింపరాదు.

బావను నిదురలేపి క్రిందకు తెచ్చితిని. "గీజరు వెయ్యి బావా," అని పైకి కేక వేయించి, ఆ ధ్వని వినిపించితిని. ఈసారి అతడు నవ్వలేదు. వెంటనే తన వాటా మెయిను ఆపి, 1912 నంబరుకు ఫోను చేసి, ఫిర్యాదు సంఖ్య వ్రాసికొనెను. మధ్యాహ్నమునకు లైన్‌మన్ వచ్చెను. సరఫరా ఆపి, ముద్ర తీసి, మూత విప్పి చూపెను. ఒక మర వ్రేలితో త్రిప్పినను తిరుగునంత వదులు. దానిలోని తీగెపై పొర వ్రేలెడు పొడవున నల్లబడి పెళుసై రాలుచుండెను.

"దీన్ని ఎవరు కనిపెట్టిండ్రమ్మా?" అని అతడడిగెను.

బావ మాటాడలేదు. అత్త కూర్చున్న గడపవైపు చూపెను.

సోదరీమణులారా, ఆ యింటికి నడచిపోగల దూరముననే గుల్జార్ హౌజ్ కలదు. చార్మినారుకు ఉత్తరమున, నాలుగు కమానుల నడుమ నుండెడి నీటి తొట్టి అది. 2025 మే 18వ తేదీ ఆదివారము తెల్లవారుజామున దాని చెంత, దుకాణములమీద కాపురమున్న ఒక యింట అగ్ని పుట్టి, ఒకే కుటుంబమునకు చెందిన 17 మంది మరణించిరి. వారిలో ఎనమండుగురు పసివారు. విద్యుత్తు షార్టు సర్క్యూటే కారణమని అధికారులు మొదట అనుమానించిరి. అది మీటరు వలన జరిగినదని నేననుట లేదు. నేను చెప్పదలచినది వేఱు. ఆ యింటికి ఇఱుకు దారి, ఇఱుకు మెట్లు; బయటపడుటకు మఱియొక మార్గము లేదు. నిప్పుకంటె ముందు పొగ మనుష్యులను చుట్టుముట్టినది. పాతబస్తీలో అట్టి యిండ్లు ఎన్ని లేవు? ఒక్క పాతబస్తీయేల, విజయవాడ వన్‌టౌనునందు, వరంగల్లు కోటలోపల, రాజమహేంద్రవరపు ప్రాత వీధులందును అట్టివి కావలసినన్ని. మనవారు మీటరును పెట్టునది ఎక్కడ? మెట్ల క్రింద, తలుపు వెనుక. పనికిరాని సామానులు చేర్చునది ఎక్కడ? అక్కడనే. నిప్పు పుట్టగల చోటును, నిప్పునకు ఆహారమును, మనము తప్పించుకొని పోవలసిన దారిని, మూటిని ఒక్కచోటనే కూర్చి పెట్టుకొనుచున్నాము.

కావున ఈ క్రింది పనులు మన చేతిలోనివి.

మీటరు పలక క్రిందను, చుట్టును మూడడుగుల మేర ఏమియు ఉంచరాదు. కాగితము, గుడ్డ, కిరసనాయిలు, గ్యాసు బండ అసలే కూడదు. అవి తీసివేయుటకు ఎవ్వరి అనుమతియు అక్కఱలేదు; ఒక పూట చీపురు పట్టిన చాలును.

నెలకొకసారి, బిల్లు చూచు దినముననే, మీటరు దగ్గఱ నిలిచి వినుడు, వాసన చూడుడు, కన్నులతో చూడుడు. ముట్టుకొనవద్దు. మూత రంగు మాఱినదా? మసి పట్టినదా? వానకాలమున గోడవెంట తడి దిగుచున్నదా? చీమలు బారులు తీర్చి లోనికి పోవుచున్నవా? బల్లి దూరు సందు కలదా? ఇవన్నియు ముందు చెప్పు గుర్తులు.

గొణుగుడు మాత్రమే యున్నచో తొందర లేదు. ఫిర్యాదు వ్రాసి యిచ్చి, పలకను బిగింపుమని, వీలైన మీటరు మార్పుమని కోరుడు. చిటచిట, కాలిన వాసన, దీపములు మినుకుమినుకుమనుట – వీనిలో ఏది యున్నను గీజరు, ఇస్త్రీపెట్టె, మోటారు వంటి బరువైన వానిని తక్షణము ఆపి, మెయిను ఆపి, 1912కు చెప్పుడు. ఫిర్యాదు సంఖ్యను గోడ క్యాలెండరుపై వ్రాసికొనుడు.

పొగయో మంటయో కనబడినచో స్విచ్చు దగ్గఱకు పోవు సాహసము వలదు. నీరు చల్లరాదు; కరెంటున్న చోట నీరే మృత్యువగును. పిల్లలను, వృద్ధులను తీసికొని మొదట బయటికి పొండు. పిదప 101కో 112కో ఫోను చేయుడు. నగలు, కాగితములు వెదకుటకు వెనుకకు పోవద్దు.

మీటరు ముద్రను ఎవ్వరును త్రెంపరాదు. ఆ మర తానే బిగింతునని వీధి చివరి కుఱ్ఱవాడు ముందుకు వచ్చును, ఒప్పుకొనవద్దు. మీటరువఱకు వచ్చు తీగె మన మెయినుతో ఆగదు, దానిలో కరెంటు ఎల్లప్పుడు నుండును. అంతేకాక 2003 సంవత్సరపు విద్యుత్ చట్టము ప్రకారము మీటరులో అక్రమముగా చేయిపెట్టుట నేరము. మంచి యుద్దేశముతో చేసిన పనికి దొంగతనపు మచ్చ తగులనీయరాదు. ఫిర్యాదు చేసినను పని జరుగనిచో అదే చట్టము వాడుకరులకు ఫిర్యాదుల పరిష్కార వేదికను, దానికి మీద విద్యుత్ అంబుడ్స్‌మనును కల్పించినది. వ్రాతమూలకముగ అడుగు హక్కు మనకు కలదు.

మెయినుతోడ 30 మిల్లీ ఆంపియర్లకే సరఫరా తెంపు రక్షక స్విచ్చును పెట్టించుకొనుడు. అది కరెంటు భూమికి కాఱినప్పుడు, మనిషికి తగిలినప్పుడు క్షణములో ఆపును. అయితే వదులు మరను అది కనిపెట్టజాలదు. ఆ పనికి మన చెవియే కావలెను.

చివరకు పండుగల మాట. బోనాలకు, వినాయకచవితికి, రంజానుకు, దీపావళికి వీధులలో దీపతోరణములు కట్టుట మనకు ముచ్చట. కాని ఇంటి మీటరునుండి పందిటికంతకు తీగె లాగుటయు, స్తంభమునకు కొక్కెము తగిలించుటయు ముచ్చట కాదు. ఒక యింటి కొఱకు వేసిన సన్నని తీగె వీధి బరువు మోయజాలదు. ఆ వేడి తీర్చుకొనునది మెట్ల క్రింది వదులు మరమీదనే. పండుగకు తాత్కాలిక కనెక్షను అడిగి తీసికొనవచ్చును; ఈ సంగతి యింటి పెద్దలకు ముందుగనే చెప్పి చేయింపుడు.

మా అత్త యింట ఇప్పుడు మెట్ల క్రింద ఒక్క కాగితమైనను లేదు. కాలిన తీగె కత్తిరించి క్రొత్తగా బిగించిరి. నల్లపెట్టె స్థానమున క్రొత్త మీటరు వచ్చినది. శ్రావణమాసములో ఆమెకు ఫోను చేసి, "నిద్ర పడుతున్నదా అత్తా?" అని అడిగితిని.

"పడ్తున్నది బిడ్డా. గని నెల మొదట ఒకసారి పోయి నిలబడి ఇంటున్న. మీ బావ గూడ నా ఎనుక వచ్చి నిలబడ్తడు," అనెను.

మీ యింటను వృద్ధురాలెవరైనను గోడలో చప్పుడు వినవచ్చుచున్నదని చెప్పినచో చాదస్తమని త్రోసివేయక, ఒక్క రాత్రి ఆమె ప్రక్కన కూర్చుండి వినుడు. ఎడతెగని గొణుగుడైనచో ఆమెకు ధైర్యము చెప్పుడు. ఆవాలు పేలినట్లున్నచో ఆ రాత్రియే మెయిను ఆపుడు.